పచ్చిక బయళ్ళలో ముళ్ళకంప

 

మీ ఊళ్ళో డెబ్బై ఏళ్ళు పైబడిన పెద్దవారెవరినైనా కూర్చోబెట్టుకుని, "తాతా, మీ చిన్నతనంలో పశువులను ఎక్కడ మేపేవారు?" అని అడిగి చూడండి. ఊరి బయట ఫలానా బీడు అంటాడు, ఫలానా గుట్టవాలు అంటాడు, చెరువు వెనుక ఫలానా బయలు అంటాడు. ఆ చోటికి ఇప్పుడు వెళ్ళి చూస్తే ఏమున్నది? రాయలసీమలో కానివ్వండి, పల్నాడులో కానివ్వండి, నెల్లూరు, ప్రకాశం మెట్టభూములలో కానివ్వండి, తెలంగాణలో చెరువు శిఖాల వెంబడి కానివ్వండి, చాలాచోట్ల మనిషి దూరడానికి సందు లేని ముళ్ళకంప కనిపిస్తుంది. అదే సర్కారు తుమ్మ. కొన్నిచోట్ల దీన్నే సీమతుమ్మ అనీ, ఇంగ్లీషు తుమ్మ అనీ అంటారు.

"చెట్లు పెరిగితే మంచిదే గదా! చెట్లు నాటండి, నాటండి అని చెప్పేది మీరే, పెరిగిన చెట్టు చెడ్డదనేదీ మీరేనా?" అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

పచ్చిక బయలు అంటే అడవి లేని ఖాళీ స్థలం కాదు. బంజరు అని లెక్కల్లో రాసినంత మాత్రాన అది పనికిరాని నేలా కాదు. వరిపొలంలో వరి ఎట్లా పంటో, బీడులో గడ్డి అట్లా పంట. దున్నకుండా, విత్తకుండా ఏటేటా చేతికి వచ్చే పంట. ఒంగోలు గిత్తలు పేరు తెచ్చుకున్నది ఊరికే కాదు. వాటి వెనుక చెంగలిగడ్డి వంటి మంచి మేత పెరిగే నేలలున్నవి. ఆ పంటలో చెట్టు మితిమీరి పెరిగితే, వరిలో ఊద పెరిగినట్లే. అక్కడొకటి ఇక్కడొకటి నల్లతుమ్మో, జమ్మో ఉంటే పశువుకు నీడ, మేకకు కాయ, ఇంటికి కలప. అది బయలుకు అందమే, లాభమే. కాని చెట్టుకు చెట్టు ఆనుకుని, కొమ్మకు కొమ్మ అల్లుకుని, కింద గడ్డిపరక లేకుండా పోయినప్పుడు అది బయలూ కాదు, అడవీ కాదు.

ఇది మన దేశపు కష్టం ఒక్కటే అనుకోకండి. అమెరికాలో టెక్సాసు మైదానాలలో మెస్కీటు అనే చెట్టు పశువుల బయళ్ళను కమ్ముకున్నది. అది మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టమే. ఆఫ్రికాలో నమీబియా రైతులు ఎన్నో ఏళ్ళుగా ముళ్ళపొదలతో తంటాలు పడుతున్నారు. ఆస్ట్రేలియావారు మెస్కీటును దేశం మొత్తానికి ముఖ్యమైన కలుపుగా లెక్కవేసి పని పట్టారు.

సర్కారు తుమ్మ మనకు ఎట్లా వచ్చింది?

ఇది మన నేలలో పుట్టింది కాదు. మధ్య అమెరికా, కరిబియను దీవుల వైపు చెట్టు. 1876లో మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్, ఎండకు తట్టుకుని వంటచెరకునిచ్చే ఈ చెట్టు విత్తనాలను తెప్పించవలసిందని పైవారికి రాశాడు. జమైకా దీవి నుంచి విత్తనాలు వచ్చినవి. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. మన దేశంలో ఈ చెట్టు మొదట కాలుమోపిన చోట్లలో కమలాపురం ఒకటన్నమాట. అవి దక్షిణాదిని గొప్ప కరువు పీడిస్తున్న రోజులు. నీళ్ళడగని, మేకలు ఆకు ముట్టని, నరికినకొద్దీ చిగిర్చే చెట్టు అంటే అప్పటివారికి వరంగానే తోచి ఉంటుంది. 1940లో జోధ్‌పూరు సంస్థానంవారు దీన్ని 'రాజవృక్షం' అని కూడా ప్రకటించారు.

మరి తర్వాత జరిగిందేమిటో తెలుసుకోవాలంటే గుజరాతులోని కచ్ జిల్లాకు పోవాలి. అక్కడ బన్ని అనే పచ్చిక బయలున్నది. సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. మన దేశంలోని పెద్ద పచ్చిక బయళ్ళలో అదొకటి. మాల్ధారీలనే పశుపాలకులు తరతరాలుగా అక్కడ కాంక్రేజి ఆవులనూ, బన్ని గేదెలనూ మేపుకుంటున్నారు. పక్కనున్న రణ్ ఉప్పునేల ముందుకు రాకుండా అడ్డుకట్టగా ఉంటుందని 1961లో అటవీశాఖవారు అక్కడ 31 వేలకు పైగా హెక్టార్లలో సర్కారు తుమ్మ వేయించారు. ఉద్దేశం మంచిదే. కాని చెట్టు గీచిన గీతలో నిలవలేదు. కాయలు తిన్న పశువులు విత్తనాన్ని బయలంతా చల్లినవి. మాల్ధారీలు దానికి 'గాండో బావళ్' అని పేరు పెట్టారు. అంటే పిచ్చితుమ్మ. గడ్డి తగ్గింది. ఆ కాయలు ఆవులకు సరిపడలేదు. గేదెలు కొంత తట్టుకున్నవి. చివరకు ఆవులమందలు తగ్గి గేదెలమందలు పెరిగినవి. బన్ని గేదెను ప్రత్యేక జాతిగా 2010లో గుర్తించారు. చూడండి, ఒక్క చెట్టు వచ్చి మందల తీరునే మార్చివేసింది.

గడ్డి ఎందుకు ఓడిపోతుంది?

గడ్డికీ చెట్టుకూ ఎప్పుడూ పోటీ ఉన్నది. గడ్డి వేళ్ళు పైమట్టిలో పీచులాగా అల్లుకుని ఉంటవి. వాన పడగానే ఆ తేమను ముందుగా అందుకునేది గడ్డే. దట్టంగా గడ్డి ఉన్నచోట చెట్టువిత్తనం మొలిచినా, ఆ చిన్నమొక్కకు వెలుతురూ తేమా దొరకక చాలామట్టుకు చస్తుంది. అయితే మొక్క వేరు ఒకసారి ఆ పీచుపొరను దాటి లోతుకు దిగిందా, ఇక దానికి ఎదురు లేదు. అమెరికాలో ఒక గనిని తవ్వేటప్పుడు ఈ జాతి చెట్టు వేరు 53 మీటర్ల లోతున కనబడిందని 1963లో ప్రకటించారు. అంటే సుమారు 174 అడుగులు. మన బావులెన్ని అంత లోతున్నవి?

కనుక చెట్టును ఆపేది మంచి గడ్డి. ఆ గడ్డిని మనమే బలహీనపరుస్తున్నాం. తొలకరికి గడ్డి రెండాకులు వేయకముందే మందలను తోలుతాం. ఒకే బయలును ఏడాది పొడుగునా, విరామం లేకుండా మేపుతాం. పశువు మంచి గడ్డిని ఏరి తింటుంది, చేదుగడ్డినీ ముళ్ళమొక్కనూ వదిలేస్తుంది. మంచిది తగ్గుతుంది, చెడ్డది మిగులుతుంది. బోడినేల తేలుతుంది. ఆ బోడినేలే తుమ్మవిత్తనానికి నారుమడి.

విత్తనం ఎట్లా వస్తుందంటారా? మనమే తెస్తున్నాం. ఎండాకాలంలో మేత లేనప్పుడు పసుపుపచ్చని తుమ్మకాయలు తియ్యగా ఉంటవి గనుక పశువులు ఎగబడి తింటవి. లోపలి విత్తనానికి గట్టి పెంకు ఉన్నది. అది పంటికి నలగదు, కడుపులో అరగదు. పైగా కడుపులో నాని పెంకు మెత్తబడి ఇంకా బాగా మొలుస్తుంది. పేడతో సహా నేలన పడుతుంది. విత్తనమూ, ఎరువూ, తేమా ఒక్కచోటే! ఏ రైతైనా ఇంత శ్రద్ధగా విత్తనం వేస్తాడా? వాగులూ వరదనీళ్ళూ కూడా కాయలను మోసుకుపోతవి. మొలవని విత్తనం నేలలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది.

ఇంకొక కారణం కూడా చెబుతారు శాస్త్రజ్ఞులు. బొగ్గూ పెట్రోలూ కాల్చడం వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగింది. యంత్రాలు రాకముందు పది లక్షల వంతులలో 280 వంతులుండేది, ఇప్పుడు 420 దాటింది. మన ఎండనేలల గడ్డికంటె చెట్లూ పొదలూ ఈ వాయువు హెచ్చును బాగా వాడుకోగలవు. అందువల్ల పోటీలో తూకం కొంత చెట్టు వైపు మొగ్గుతున్నది. దీన్ని మన ఊళ్ళో మనం ఆపలేం. కాని మేపు మన చేతిలో ఉన్నది, కాయ మన చేతిలో ఉన్నది.

నష్టమెంత? లాభమెంత?

కంప ముసిరితే మొదట పోయేది మేత. దీని ఆకు పశువులు తినవు. రాలిన ఆకు కింద ఇతర మొక్కలు సరిగా మొలవవు. గొర్రెల కాళ్ళకు ముళ్ళు దిగుతవి. కంపలో అడవిపందులు పగలు దాగి, రాత్రిళ్ళు పక్కనున్న వేరుశనగ చేలమీద పడతవి. చెరువుల్లో, వాగుల్లో పెరిగితే నీటిదారికి అడ్డం. వేరే మేత లేక పశువు తుమ్మకాయలే రోజుల తరబడి తింటే అరుగుదల చెడి, దవడ పట్టు తప్పి, మేపు తినలేక చిక్కిపోతుంది.

పోయేవాటిలో పిట్టలూ జంతువులూ కూడా ఉన్నవి. కర్నూలు దగ్గర రోళ్ళపాడు బయలు బట్టమేకపిట్టకు ప్రసిద్ధి. దాన్ని కాపాడడానికి 1988లో 614 హెక్టార్లలో అభయారణ్యం ఏర్పరిచారు. బట్టమేకపిట్ట నేలమీద గుడ్డు పెట్టే పెద్దపిట్ట. దానికి నాలుగువైపులా కళ్ళకు అడ్డులేని బయలు కావాలి. అటువంటి బయళ్ళు కరిగిపోగా, నేడు దేశం మొత్తం మీద ఆ పిట్టలు 150కి మించి లేవని అంచనా. ఇందుకు కంప ఒక్కటే కారణం కాదు. బయళ్ళు సాగులోకి రావడం, వేట, కరెంటు తీగలు కూడా కారణాలే.

మరి లాభం లేదా? ఉన్నది. దాచవలసిన పని లేదు. భూమిలేని పేద ఇంట పొయ్యి వెలిగేది చాలా ఊళ్ళలో ఈ కంపతోనే. దీని కట్టె బాగా మండుతుంది. బొగ్గు కాల్చి బతికే కుటుంబాలున్నవి. బయోమాసు విద్యుత్కేంద్రాలకు ఈ కట్టె అమ్ముకునేవారున్నారు. చౌడునేలలో మరేదీ బతకనిచోట ఇది బతుకుతుంది. కనుక, "రేపే అంతా నరికేద్దాం" అన్నవాడి మాట వినకండి. పొయ్యి సంగతి చూడకుండా కంప తీస్తే గొర్రెలవారికీ కట్టెలవారికీ తగాదా పుడుతుంది. ఆ తగాదాలో పని ఆగిపోతుంది, కంప మిగులుతుంది.

అట్లాగే, ఇది గాలిలోని తేమంతా పీల్చి వానలు రానివ్వదని కొందరంటారు. దానికి ఆధారం లేదు. లోతున ఉన్న నీళ్ళు తోడుకోవడం మట్టుకు నిజం. ఉన్న దోషాలు చాలు, లేనివి అంటగట్టనక్కరలేదు.

ముందు గుర్తుపట్టండి

కంప తీసేటప్పుడు మన చెట్లు బలికాకూడదు. సర్కారు తుమ్మకు ఆకుపుట్టే కణుపు దగ్గర జంటగా ముళ్ళుంటవి. పువ్వు కంకిలాగా పొడుగ్గా ఉంటుంది. కాయ పసుపుపచ్చగా, బల్లపరుపుగా ఉంటుంది. దసరాకు మనం పూజించే జమ్మి దీని జాతిదే, కాని జమ్మికి ముళ్ళు కణుపుల నడుమ చిన్నచిన్నవిగా ఉంటవి. నల్లతుమ్మకు పువ్వు పసుపుపచ్చని గుండ్రని బొండులాగా ఉంటుంది, కాయ పూసలదండలాగా గింజగింజకు నొక్కుపడి ఉంటుంది. తెల్లతుమ్మ బెరడు తెల్లగా ఉంటుంది. జమ్మి, నల్లతుమ్మ, తెల్లతుమ్మలను ముందే సున్నంతో గుర్తుపెట్టి, ముట్టవద్దని పనివారికి చెప్పండి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

బాగా ముసిరినచోట మొదలుపెట్టాలనిపిస్తుంది. అది పొరపాటు. ఊరి బయలును మూడు భాగాలుగా చూడండి. ఒకటి, ఇంకా శుభ్రంగా ఉన్న భాగం. రెండు, చెదురుమదురుగా మొక్కలున్న భాగం. మూడు, పూర్తిగా ముసిరిన భాగం. మొదట మొదటిదాన్ని కాపాడండి, తర్వాత రెండోదాన్ని బాగుచేయండి, చివర మూడోదాని అంచునుంచి లోపలికి పోండి. మొక్కై వంగనిది మానై వంగునా? జానెడు మొక్కను తడినేలలో ఒక చేత్తో పీకవచ్చు. మూడేళ్ళయితే గడ్డపలుగు కావాలి. పదేళ్ళయితే యంత్రం కావాలి.

ఆ భూమి పంచాయతీదా, రెవెన్యూదా, అటవీశాఖదా ముందుగా తెలుసుకుని, అనుమతి తీసుకుని, గ్రామసభలో మాట్లాడిన తర్వాతే గొడ్డలి ఎత్తండి.

ఎట్లా తీయాలి?

చాలామంది చేసే పని, నేలబారున నరకడం. అది కంపను తీయడం కాదు, పెంచడం. మొదలు దగ్గర నేల కిందనే నిద్రపోయే మొగ్గలుంటవి. పైన నరికితే అవన్నీ మేలుకుంటవి. ఒక్క మోడు పది కొమ్మలవుతుంది. కనుక మోడు చుట్టూ తవ్వి, నేలమట్టానికి సుమారు ఒక అడుగు కింద వేరును నరికి, మొదలును మొగ్గలతో సహా పైకి తీయాలి. వానలు పడి నేల మెత్తబడినప్పుడు ఈ పని తేలిక. కాయలు పండి రాలకముందే చేస్తే మరీ మంచిది. పెద్ద యంత్రంతో బయలంతా గీకవద్దు. ఉన్న కొద్దిపాటి గడ్డివేరూ లేచిపోతుంది, పైమట్టి వానకు కొట్టుకుపోతుంది. మోడు తీసిన గుంటను అప్పుడే పూడ్చండి. నిప్పు పెట్టి చంపుదామనుకోవద్దు. ముదిరిన చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, పక్క పొలానికి ప్రమాదం మిగులుతుంది.

తీసినచోట వెంటనే గడ్డి వేయండి

ఇదే అసలు సంగతి. కంప తీసి నేల ఖాళీగా వదిలితే, లోపలున్న విత్తనమంతా మరుసటి వానకు మొలుస్తుంది. ఖాళీ నేల ఎవరిదంటే ముందు వచ్చినవాడిది. ముందు గడ్డిని రప్పించండి.

మెట్టనేలలకు అంజన్ గడ్డి మంచిది. ఎకరానికి సుమారు 2 కిలోల విత్తనం చాలు. విత్తనం నూగుతో తేలికగా ఉంటుంది గనుక తడిమట్టితో కలిపి చల్లాలి. లోతుగా పడితే మొలవదు, పైపైన ముళ్ళకొమ్మ లాగితే చాలు. దానితోపాటు స్టైలో హమాటా అనే పప్పుజాతి మేతను కలిపితే పశువుకు మాంసకృత్తులు, నేలకు నత్రజని దొరుకుతవి. స్టైలో విత్తనం పెంకు గట్టిది గనుక వేడినీళ్ళలో కొద్ది నిమిషాలుంచి, ఆరబెట్టి చల్లాలి. మీ నేలకు ఏ రకం నప్పుతుందో పశుసంవర్ధకశాఖవారినీ, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంవారినీ అడగండి.

మొదటి ఏడాది ఆ భాగంలో మందను తోలవద్దు. గడ్డి ఎదిగి గింజ రాలిన తర్వాత కోసుకుపోవచ్చు. రెండో ఏటినుంచి బయలును మూడు నాలుగు మళ్ళుగా పంచుకుని, ఒకదాని తర్వాత ఒకటి మేపండి. ఒకటి మేస్తుంటే మిగతావి తేరుకుంటవి. ఏటా వానలు వెలిసినాక ఒకసారి అందరూ నడిచి, కొత్తగా మొలిచిన తుమ్మమొక్కలను పీకండి. నేలలో విత్తనం ఏళ్ళ తరబడి ఉంటుందని చెప్పుకున్నాం గదా! ఒక్క ఏడాది పని కాదిది. మూడో ఏడు మరిచిపోతే మొదటి రెండేళ్ళ చాకిరీ నీళ్ళపాలు.

కాయను కట్టిపెట్టండి

తుమ్మకాయ మేతగా మంచిదే, చెడగొట్టేది దాని విత్తనం. కాయలను ఏరి, బాగా ఎండబెట్టి, విత్తనం పగిలేట్లు మరలో పిండి కొట్టించండి. పగిలిన విత్తనం మొలవదు. ఆ పిండిని దాణాలో అయిదో వంతుకు మించకుండా కలపవచ్చు. ఇట్లా చేస్తే కాయ మేతవుతుంది, కలుపు కాదు. ముసిరినచోట మేసిన మందను శుభ్రమైన బయలుకు తోలేముందు ఒక వారం దొడ్లో ఉంచి ఇతర మేత పెట్టండి. ఆ వారం పేడను పచ్చిగా పొలానికి తోలకుండా, కుప్పవేసి బాగా మాగనివ్వండి.

దక్షిణాఫ్రికాలో విత్తనాలను తినే చిన్నపురుగును 1987లో వదిలారు. దానివల్ల కొంత విత్తనం తగ్గింది గాని, కాయలను పురుగుకంటె ముందు పశువులు తినేయడంతో ఫలితం అనుకున్నంత రాలేదు. కాయను పశువుకు అందకుండా చేయడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తున్నది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట

ఊరికి వెళ్ళినప్పుడు భూమి ఉన్న రైతుతో మాట్లాడి తిరిగి రావద్దు. గొర్రెలకాపరితో మాట్లాడండి, ఏ గడ్డి ఎప్పుడు తగ్గిందో అతనికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. కట్టెలు తెచ్చుకునే ఆడవారితో మాట్లాడండి. బొగ్గు కాల్చేవారితో మాట్లాడండి. ముసిరిన భాగంలో కొంతను కట్టెకోసం వేరుగా ఉంచి, అక్కడ పక్కకొమ్మలు కొట్టి ఒక్కొక్క మొదలును నిటారుగా పెంచితే కట్టె ఎక్కువ వస్తుంది, నడవడానికి దారీ ఉంటుంది. కాయలు కాచేవేళకు వాటిని ఏరే బాధ్యత ఎవరిదో కూడా అప్పుడే రాసుకోండి. తీసిన కట్టె డబ్బులో గడ్డివిత్తనానికి కొంత పక్కన పెట్టించండి. ఇంకొక్క మాట: మొక్కలు నాటే కార్యక్రమం వచ్చినప్పుడు బంజరు అనే పేరు చూసి మంచి పచ్చిక బయలులో గుంటలు తీయించవద్దు. చెట్టుకు గట్టులున్నవి, బాటలున్నవి, ఇంటి పెరళ్ళున్నవి. గడ్డికి బయలు తప్ప మరో చోటు లేదు.

రైతు సోదరులారా! పశువు మన ఇంట ఉన్నా, దాని కడుపు బయలులో ఉన్నది. బయలు పోతే కొనుగోలు మేతే గతి. కొనలేనివాడు ముందుగా ఆవును అమ్ముతాడు, తర్వాత గొర్రెలను అమ్ముతాడు. మందలు ఒకటొకటిగా పోయిన ఊళ్ళు మీ చుట్టుపక్కలనే ఉంటవి. మీ ఊరు ఆ దారిన పోకుండా ఉండాలంటే, ఈ వానలు వెలిసిన తర్వాత నలుగురు కలిసి ఊరి బీడుకు ఒకసారి నడవండి. ఎక్కడ శుభ్రంగా ఉన్నదో, ఎక్కడ మొక్కలు మొదలైనవో చూడండి. చేతికి అందిన జానెడు మొక్కలను పీకి మరీ రండి. పని అప్పుడే మొదలైనట్లు.